కొఠారు ఎవరిది?

రేవు పూడిపోయాక వర్తకుడు పానకాలయ్య తన ఉప్పు కొఠారును పాడుపెట్టి వెళ్ళిపోయాడు. చాలా ఏళ్ళకు, బుట్టలల్లే నూకాలు వాడవాళ్ళను కూడగట్టి దాన్ని బాగుచేసింది. ఇప్పుడక్కడ దిక్కులేని ముసలివాళ్ళకు గంజి, బాలింతలకు నీడ దొరుకుతున్నాయి.

అది విని పానకాలయ్య న్యాయాధికారిని వెంటబెట్టుకొచ్చాడు. గోడ మీద చెయ్యి వేసి, "ఇది నాది. ఒక్కనాడు కూడా వదులుకోలేదు" అన్నాడు.

నూకాలు గంజి గరిటె పక్కన పెట్టి లేచింది.

"అయ్యా, ఆరేళ్ళ కిందట ఈ కొఠారు గోడ కూలి నా పెనిమిటి పోయాడు. ఇది ఎవరిదో వాళ్ళొచ్చి ఆ చావుకు జవాబు చెప్పాలని తమరు దండోరా వేయించారు. ఒక్కరూ రాలేదు. ఇన్నాళ్ళకు షావుకారుగారు వచ్చారు. రాసుకోండి."

న్యాయాధికారి గంటం తీసి, "కొఠారు తమదేనా?" అని అడిగాడు.

పానకాలయ్య గోడ మీంచి చెయ్యి తీసేశాడు.