వేరొకరు వాడుతున్నారు

నాగలింగం గారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పుల కోసం వెతుక్కుంటారు. "పద నాయనా, మీ ఇంటికి పోయి చూద్దాం" అంటారు. తెనాలిలో ఆయన దగ్గర గురువారం సాయంత్రాలు తత్వాలు వినడానికి చేరే మా అందరికీ ఈ సంగతి తెలుసు. అందుకే ఇల్లు సర్ది ఉంచుకోని వాళ్ళం నోరు విప్పం. నేనైతే ఇన్నేళ్ళలో ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఫణిభూషణం అడిగాడు. తెల్లారగానే రైలెక్కి విజయవాడలో ఆఫీసుకు పోయి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరే మనిషి అతను. భార్య హైమవతి పోయి ఏడాది దాటింది.

"గురువు గారూ, చేయవలసిన కర్మలన్నీ చేశాను. ఆమె చీరలు పంచిపెట్టాను. మనసులోంచి కూడా పంపించేశాననే అనుకున్నాను. అయినా పోవడం లేదండీ."

"ఎక్కడి నుంచి పోవడం లేదు?"

అతను గొంతు తగ్గించాడు. "కంప్యూటర్లోంచి."

మాలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతని మొహం చూశాక ఆ నవ్వు అక్కడే చచ్చింది. మనిషి పీక్కుపోయి, కళ్ళు లోపలికి పోయి, నాలుగు రాత్రులు నిద్ర లేనివాడిలా ఉన్నాడు.

అతను చెప్పింది ఇది. కర్నూలుకు బదిలీ చేయించుకున్నాడు. ఈ ఊళ్ళో తనదంటూ ఏమీ మిగల్చదలచుకోలేదు. భార్య జబ్బుపడినప్పుడు సాయానికి వచ్చి, ఆ తర్వాత వంటకని ఉండిపోయిన అత్తగారు శేషారత్నమ్మను ఆదివారం బాపట్లలో కొడుకు ఇంట్లో దింపేస్తాడు. అదే రోజు పాత కంప్యూటర్‌ను స్నేహితుడెవరో వచ్చి పట్టుకుపోతాడు. అందులో ఉన్న హైమవతి ఫొటోలూ గొంతూ అన్నీ చిన్న డిస్కులోకి తరలించి, దాన్ని బ్యాంకు లాకరులో పడేస్తే ఇక గొడవ వదిలిపోతుందనుకున్నాడు. అన్నీ కదిలాయి, ఒక్కటి మాత్రం కదల్లేదు.

ఆ ఒక్కటి ఊరగాయ సంగతి. హైమవతి ఒకప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుని తల్లితో మాట్లాడుతూ, అమ్మ చెప్పే కొలతలు దాచుకుందామని రికార్డు పెట్టింది. తీరా చూస్తే తన గొంతే పడింది, అమ్మ గొంతు పడలేదు. అడిగిన ప్రశ్నలన్నీ ఉన్నాయి, జవాబుల చోట నిశ్శబ్దం ఉంది. దానికి మొగుడూ పెళ్ళాలు అప్పట్లో తెగ నవ్వుకున్నారట.

"కాపీ తీసుకోరాదూ? అది వస్తుంది గదా" అన్నాను నేను, నాకు తెలిసిన ఒక్క ముక్కా వాడుకుంటూ.

"వస్తుంది. కానీ ఇక్కడ ఒకటి మిగిలిపోతుంది. నాకు మిగలకూడదు."

గురువు గారు చెప్పుల కోసం వెతుక్కున్నారు. తోడుకు నన్నూ రమ్మన్నారు.

మేం వెళ్ళేసరికి ముందుగదిలో దీపం వెలుగుతోంది, వంటింట్లో అలికిడి లేదు. ఫణిభూషణం కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఫైలును పట్టుకుని డిస్కులోకి లాగాడు. వెంటనే ఒక చిన్న పెట్టె తెర మీదికి వచ్చింది. గురువు గారికి ఇంగ్లీషు రాదు కాబట్టి తెలుగులో చదివి వినిపించాడు: "ఈ ఫైలును వేరొకరు వాడుతున్నారు. వారు మూసిన తర్వాత మళ్ళీ ప్రయత్నించండి."

"మర్యాదగానే చెబుతోందే" అన్నారు గురువు గారు.

తెరిచి ఉన్నవన్నీ మూశాడు. మళ్ళీ అదే మాట వచ్చింది. పేరు మారుస్తానంటే ఒప్పుకోలేదు, వైరస్ ఏమైనా ఉందా అని వెతికిస్తే ఏమీ దొరకలేదు. చివరికి మొత్తం యంత్రాన్ని ఆపి, మళ్ళీ పెట్టాడు. ఈసారి పోతుందనే అనుకున్నాం. అతను ఫైలును లాగగానే మళ్ళీ ఆ పెట్టె ప్రత్యక్షమైంది.

"రోజూ ఇంతేనండీ. ఆఫీసులో ఒకాయన, ఎవరు వాడుతున్నారో కనుక్కునే చోటు చూపించాడు. నిన్న చూశాను." ఏవో రెండు మూడు నొక్కి, కుర్చీ వెనక్కి జరిపి, మమ్మల్ని చూడమన్నాడు.

ఆ వరసలో ఒకే ఒక్క పేరు ఉంది. హైమవతి.

లేచి ఇంటికి పోదామనిపించింది, సిగ్గేమీ లేదు చెప్పుకోవడానికి. గురువు గారు మాత్రం తెర వైపు కాక నడవ వైపు చూస్తున్నారు. అప్పుడు నాకూ వినబడింది, పెరటివైపు గదిలో ఎవరో సన్నగా మాట్లాడుతున్నారు.

"అత్తయ్య గారు. ఈ వేళకు ఏదో జపం చేసుకుంటారు" అన్నాడు ఫణిభూషణం.

గురువు గారు లేచి నడిచారు. మేం వెనకాలే వెళ్ళాం. గదిలో లైటు లేదు. శేషారత్నమ్మ గారు గోడ వైపు తిరిగి మంచం మీద కూర్చున్నారు. ఎదురుగా ఎవరూ లేరు. అయినా ఆవిడ ఆగి ఆగి, మధ్యలో తలూపుతూ మాట్లాడుతున్నారు.

"ఒక్క చెంచా చాలమ్మా. మెంతులు ఎక్కువైతే చేదొస్తుంది... ఆఁ, నూనె కాచి చల్లారాకే... నాకేం తల్లీ, బాగానే ఉన్నాను." కాసేపు ఆగి, "ఈమధ్య లైను మాటిమాటికీ తెగిపోతోందే" అన్నారు.

ఆవిడ ఒళ్ళో హైమవతి టాబ్లెట్ మినుకుమినుకుమంటోంది, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి. కంప్యూటర్లో ఉన్నది ఇంట్లో ఏ మూల కూర్చునైనా వినొచ్చని భార్యే ఒకప్పుడు తన పేరుతో ఆ రెంటికీ లంకె పెట్టుకుందనీ, బీరువాలో ఉందనుకున్న టాబ్లెట్ అత్తగారి చేతికి ఎప్పుడు వచ్చిందో తనకు తెలియదనీ ఫణిభూషణం తర్వాత చెప్పాడు. తెలియకపోవడంలో వింత లేదు. ఆ ఇంట్లో ఇద్దరూ ఏడాదిగా అన్నం పెట్టడానికీ తినడానికీ తప్ప ఎదురు పడలేదు.

అతను వెళ్ళి మంచం అంచున కూర్చున్నాడు. ఆవిడ ఉలిక్కిపడి, తప్పు చేసినట్టు టాబ్లెట్ కొంగు కింద దాచబోయి, మళ్ళీ ఏమనుకున్నారో ఒక ఇయర్‌ఫోన్ తీసి అతనికి ఇచ్చారు. అతను చెవిలో పెట్టుకున్నాడు. ఏం విన్నాడో ఆ తర్వాత నాకు చెప్పాడు: "ఆయనింకా రాలేదమ్మా. చీకటి పడింది, భయంగా ఉంది."

శేషారత్నమ్మ గారు అతని చెయ్యి పట్టుకున్నారు. "వచ్చారమ్మా" అన్నారు గోడ వైపు చూస్తూ. "ఇదిగో, నా పక్కనే కూర్చున్నారు."

అతని చెవిలో ఆ గొంతు తేలిగ్గా నవ్విందట. "హమ్మయ్య. అయితే పెట్టేస్తున్నానమ్మా."

అది ఏళ్ళ కిందటి రికార్డు అని నాకు తెలుసు. ఎన్నిసార్లు విన్నా అదే మాటన్న సంగతీ తెలుసు. అయినా ఆ గదిలోకి మళ్ళీ చీకటివేళ వెళ్ళమంటే వెళ్ళను.

ఫణిభూషణం చాలాసేపు ఏడ్చాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని ముందుగదిలోకి వచ్చి తెర చూశాడు. పేరు మాయమైంది.

"మూసేశారండీ. ఇప్పుడు కదులుతుంది" అన్నాడు. గురువు గారు అప్పటికే గుమ్మం దిగుతున్నారు. "గురువు గారూ, ఆదివారం... ఏం చేయమంటారు?"

ఆయన వెనక్కి తిరగకుండానే అన్నారు: "ముందు ఆవిడ అన్నం తిన్నదేమో కనుక్కో నాయనా."