పలకలంక నారపలకమ్మ

ఈశ్వర నామ సంవత్సరం మాఘమాసంలో, క్రీ.శ. 1758లో, మాట తప్పిన ఫ్రెంచి దొర చేతిలో మోసపోయిన ఇల్లాలు సూరాడ కాసులమ్మ. గౌతమి సముద్రంలో కలిసేచోట వెలసిన పలకలంకకు వచ్చే భక్తులు ముందు ఆమెను తలచుకోవాలి. దొర పేరు ఎవరికీ గుర్తులేదు. అక్కరా లేదు. గుడిలో విగ్రహం ఉండదు. ఫిరంగి గుండు చీల్చిన ఓడపలక ఒకటి పసుపు పూసుకొని నిలబడి ఉంటుంది.

పూర్వం ఇక్కడ మార్గరీత్ అనే ముప్పైరెండు ఫిరంగుల యుద్ధనౌక మరమ్మతుకు ఆగింది. కాసులమ్మ, ఆమె భర్త లోవయ్య దాని పలకల సందుల్లో కొబ్బరినార దట్టించి, గుగ్గిలం కాచి పూశారు. పగిలిన పలకను తీసి ఒడ్డున పారేశారు. ఇసుక మేటలు దాటించడానికి లోవయ్య ఓడెక్కాడు. దాటగానే దింపేస్తానన్న దొర దింపలేదు. తెరచాపలెత్తి తీసుకుపోయాడు.

ఏడ్చి ఏడ్చి మధ్యాహ్నం కునుకు తీసిన కాసులమ్మకు గంగమ్మ కలలో కనబడింది.

“ఆ ఓడను ముంచెయ్యనా?”

“ముంచకు తల్లీ! నా మనిషి దాన్లోనే ఉన్నాడు.”

“అయితే దాని పలక నీ దగ్గరుందిగా. నువ్వే కాచుకో.”

నాటి నుంచి ప్రతి అమావాస్యకూ ఆమె ఆ పగులులో కొత్తనార దట్టించేది. ఇరుగమ్మలు నవ్వారు.

“దొంగల ఓడకి వైద్యమేంటే, పిచ్చిదానా?”

“ఓడ దొంగలదే. మొగుడు నావోడు. మీ నోళ్లలోకీ కాస్త నార మిగిలింది, కావాలా?”

మూడుసార్లు నార దానంతటదే ఊడిపడింది. మూడుసార్లూ అన్నం ముట్టకుండా మళ్లీ దట్టించింది.

ఎనిమిదో ఏట, ఫిరంగులు పోయి, తెరచాప కొయ్యలు మారి, బట్టల మూటలు మోసే ముసలి ఓడగా మార్గరీత్ తిరిగొచ్చింది. తల నెరిసిన లోవయ్య దిగాడు. ఇంగ్లీషువారితో మూడు యుద్ధాలు జరిగాయన్నాడు. తరువాత ఏళ్ల తరబడి దూరద్వీపాలకు రోగులను మోశామన్నాడు. ఎన్ని పలకలు పగిలినా తామిద్దరూ దట్టించిన సందు మాత్రం చుక్క నీరు రానివ్వలేదన్నాడు. అంతలో గుమ్మం పక్కన పలక కనబడింది.

“ఇదేంటే?”

“నీ ఓడే. దాన్లో నార నీ చేత్తో పీకి, కాళ్లు కడుక్కుని లోపలికి రా. కూడు చల్లారిపోతోంది.”

నేటికీ మగవారు సముద్రం మీదికి వెళ్లేటప్పుడు ఆడవారు ఈ పలకలో గుప్పెడు నార దట్టిస్తారు. వెళ్లినవాడు తిరిగొచ్చి తన చేత్తోనే పీకాలి. పీకనివారి నారను పూజారి సైతం తాకడు. ఆ ఇంటి ఆశను తీసెయ్యడానికి అతనెవరు? భక్తితో దట్టించినవారి మనిషిని నారపలకమ్మ ఒడ్డుకు చేరుస్తుంది.

పలక అడుగున, తిరిగొచ్చిన నాడు లోవయ్య ఉలితో చెక్కిన అక్షరాలు వేలితో తడిమితే ఇప్పటికీ తెలుస్తాయి: పార్థివ నామ సంవత్సరం, కార్తిక శుద్ధ త్రయోదశి.