మసి పూయని రాత

"వకుళా! ఒసే వకుళా! నూనె ఒలికిపోతోందే! కళ్ళు తెరుచుకునే కలలు కంటావేం తల్లీ!"

నాయనమ్మ కేకకి వకుళ ఉలిక్కిపడింది. చేతిలోని నిమ్మగడ్డి నూనె గిన్నె పక్కకి వాలిపోయి ఉంది. ఒళ్ళో తాటాకు నిండా తడిసింది.

పిల్లలూ, ఇది ఈనాటి మాట కాదు. కాగితం అనే పేరైనా ఎవరూ విననినాటి మాట. తాటాకులే పుస్తకాలు, గంటమే కలం. అప్పుడు కువలయపురం అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో నేరేడుపాలెం అనే పల్లె. ఆ పల్లెలో ఒక నాయనమ్మ, ఒక మనవరాలు.

తాటాకుని పుస్తకానికి తయారుచేయడమే వాళ్ళ పని. పచ్చి ఆకుని పసుపునీళ్ళలో ఉడికించాలి. నీడన ఆరబెట్టాలి. శంఖంతో రుద్ది నునుపు చేయాలి. ఆపైన నిమ్మగడ్డి నూనె రాయాలి. అలా పదును పెడితే ఆ ఆకు నూరేళ్ళు బతుకుతుంది. గంటంతో గీసిన అక్షరం ఊరికే కనిపించదు సుమా! దీపపు మసి తెచ్చి పూసి తుడవాలి. అప్పుడు గీతల్లో మసి నిలిచి, అక్షరాలు చీమలబారులా పైకి తేలతాయి.

వకుళ చేతులు ఆకుల మీద ఉండేవి గానీ మనసు మాత్రం ఆకాశంలో ఉండేది. ఆ రోజైతే మరీను. ముందురోజే ఊళ్ళో దండోరా వేశారు.

"అయ్యలారా, అమ్మలారా! రాజుగారి సరస్వతీ భాండారంలో పదివేల గ్రంథాలున్నాయి. వాటిని కాపాడే మనిషి కావాలి. తగినవాళ్ళు తమ యోగ్యత రాసి పంపండి. పేరు రాయకూడదు. కొలువులో పత్రం చదువుతాం. ఎవరి పత్రం వాళ్ళే గుర్తుపట్టి లేవాలి. డుం డుం డుం!"

పదివేల గ్రంథాలు! వకుళకి రాత్రంతా కునుకు పట్టలేదు. ఆ గ్రంథాల మధ్య బతకడం కన్నా ఈ జన్మకి ఇంకేం కావాలి? అందుకే ఒక మంచి ఆకు ఏరుకుని, తను చేసిన పనులన్నీ గంటంతో రాసుకుంది. రాసి చదువుకుంటే నీరసం వచ్చింది. పసుపునీళ్ళు, పురుగులు, వాసనలు! ఛీ, ఇదా రాజుగారికి పంపేది? మసి పూయకుండానే ఆకుని చీరకొంగులో దాచి, పేటలో ఉండే అలంకార భట్టు దగ్గరికి పరుగెత్తింది.

అలంకార భట్టుది పత్రాలు రాసే వృత్తి. నోట్లో తాంబూలం, మాటల్లో తేనె. వకుళ ఆకుని వెలుతురుకి అటూ ఇటూ వంచి, చదివి, పకపకా నవ్వాడు.

"ఇదేం పత్రమమ్మా? అంట్లు తోమిన లెక్కలా ఉంది! కొలువంటే వంటిల్లనుకున్నావా?"

వకుళకి తల కొట్టేసినట్టయింది.

"మరేం రాయాలి భట్టుగారూ?"

భట్టు కళ్ళు అరమోడ్చాడు. ఆకు తిరగేసి, రెండోవైపు బరబరా రాసి, మసి పూసి, రాగం తీసి చదివాడు.

"సకల శాస్త్రాల సారం ఈ నాలుక చివర! సాగరమంత ఓర్పు, చంద్రుడంత చల్లదనం! ఏ పని అప్పగించినా చిటికెలో పూర్తి! ఇట్టి రత్నం దొరకడం రాజ్యం చేసుకున్న పుణ్యం!"

వకుళకి ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళలో ఆమెని అంత అందంగా చూసినవాళ్ళే లేరు.

"ఇవన్నీ... నేనేనా?"

"నిన్ను చూశాకే ఈ మాటలు పుట్టాయి తల్లీ. ఇంతవరకు ఎవరికీ రాయలేదు. ఇకమీదట రాయను. నాకు ప్రతిఫలం వద్దు. నువ్వు పదును పెట్టిన ఆకులు ఒక నలభై ఇచ్చిపో, చాలు."

పొంగిపోయి ఇచ్చేసింది. ఇంటికి వచ్చి నాయనమ్మకి చదివి వినిపించింది. నాయనమ్మ శ్రద్ధగా విని తలాడించింది.

"బావుందే. పెళ్ళికూతురికి పూలజడ వేసినట్టుంది. ఇంతకీ, ఇందులో నువ్వెక్కడున్నావే?"

"ఫో నాయనమ్మా! నీకు తెలీదు," అంది వకుళ మూతి ముడుచుకుని. తన రాత ఆ పూలజడ వెనకే ఉందని ఆమెకి తెలుసు. అయితేనేం? మసి పూయని రాత ఎవరికి కనిపిస్తుంది?

కొలువు రోజు వచ్చింది. సభలో ముప్ఫైమంది కూర్చున్నారు. ఎదురుగా మంత్రి త్రిలోచనుడు. ముసలివాడు, చూపు మందం. అందుకని ప్రతి పత్రానికీ తనే మరోసారి మసి పూసి, గుడ్డతో తుడిచి, కళ్ళ దగ్గర పెట్టుకుని చదువుతాడు. ఆయన పక్కన పీట మీద భాండారం తాళంచెవి ఉంది. వకుళ దాన్నే చూస్తూ కూర్చుంది.

మంత్రి మొదటి ఆకు తీశాడు. మసి పూశాడు. చదివాడు.

"సకల శాస్త్రాల సారం ఈ నాలుక చివర! సాగరమంత ఓర్పు..."

నాదే! వకుళ గుండె ఎగిరి గంతేసింది. మొదటి పత్రమే తనది! ఆమె లేచి నిలబడింది.

ఆమె పక్కనున్న మనిషీ లేచాడు.

ముందు వరసలో ఇద్దరు లేచారు. వెనక ఐదుగురు లేచారు. స్తంభం చాటునుంచి ఒక బట్టతలాయన లేచాడు. చూస్తూ ఉండగానే సభలో ఇరవైముగ్గురు నిలబడ్డారు!

సభ నోరు వెళ్ళబెట్టింది. వకుళ ఆ బట్టతలాయన వైపే చూసింది. "నిన్ను చూశాకే ఈ మాటలు పుట్టాయి" అన్నాడే భట్టు! ఆ బట్టతలని చూసినా అవే పుట్టాయా?

"ఒక ఆకుకి ఇరవైమూడు మంది సొంతదారులా!" అన్నాడు మంత్రి నిర్ఘాంతపోయి. "ఈ మాటలు మీ సొంతమేనా?"

"మా సొంతమే!" అన్నారు అందరూ. ఆ గుంపులో వకుళ గొంతూ సన్నగా కలిసింది. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది.

"సరే, కూర్చోండి. ఒక్క మాట గుర్తుంచుకోండి. మాటలు కొనుక్కొచ్చినట్టు నాకు పట్టుబడ్డవాళ్ళు పన్నెండేళ్ళు ఈ గడప తొక్కడానికి లేదు."

పన్నెండేళ్ళు! వకుళ చెవుల్లో ఆ మాటే గింగురుమంది.

మంత్రి రెండో పత్రం తీయబోయాడు. అది ఆకు కాదు, కట్ట! ఇద్దరు భటులు పట్టుకుంటే గానీ లేవలేదు. మంత్రి చదవడం మొదలుపెట్టాడు. ముత్తాత కాలికి తొడిగిన గండపెండేరం, తాతగారి ఏనుగు సవారీ, పుట్టిన నక్షత్రం, మేనమామ పెళ్ళిలో వడ్డించిన పిండివంటలు... పొద్దు నడినెత్తికి వచ్చింది. కట్ట అయిపోయింది. ఆ మనిషికి ఏ పని వచ్చునో మాత్రం తేలలేదు.

"ఎవరిదయ్యా ఇది?"

ఎవరూ లేవలేదు. మూలనుంచి గుర్రు వినిపించింది. పట్టు ఉత్తరీయం కప్పుకుని, వాచస్పతి అనే పెద్దమనిషి గోడకి చేరగిలబడి హాయిగా నిద్రపోతున్నాడు. ఆ కట్ట ఆయనదే అని పక్కవాళ్ళు సైగ చేశారు.

"రాసినవాడికే నిద్రొస్తే చదివేవాడి గతేమిటి?" అన్నాడు మంత్రి. సభ గొల్లుమంది. వకుళకి మాత్రం నవ్వు రాలేదు.

మంత్రి మూడో ఆకు తీశాడు. మసి గుడ్డ అందుకున్నాడు. "సకల శాస్త్రాల..." అని మొదలుపెట్టి, "మళ్ళీ ఇదే పాట!" అని విసుగ్గా పక్కన పడేయబోయాడు. అప్పుడు ఆయన మసివేళ్ళు ఆకు వెనకవైపు తగిలాయి.

ఆయన ఆగాడు. వేళ్ళతో తడిమి చూశాడు. ఆకు తిరగేసి, మసి పూసి, మెల్లగా తుడిచాడు.

ఒక్కొక్క అక్షరమే పైకి తేలింది.

అయ్యో దేవుడా! వకుళ మెడ సాచి చూసింది. అదే తన ఆకు. ఎవరి కంటా పడదనుకున్న రాత నిండు సభలో నల్లగా మెరుస్తోంది!

మంత్రి చదివాడు.

"వరద వచ్చిన ఏడు మా ఊరి మఠంలో మూడు వందల ఆకులు తడిసి అంటుకుపోయాయి. నీడన ఆరబెట్టి విడదీశాను. పదకొండు చిరిగాయి, తప్పు నాదే, తొందరపడ్డాను. వాటిని మళ్ళీ రాసి కట్టలో చేర్చాను. కట్ట విప్పకుండానే లోపల పురుగుందో లేదో వాసన చూసి చెప్పగలను. సంస్కృతం చదవగలను గానీ అర్థం సగమే తెలుస్తుంది, మిగతా సగం నేర్చుకుంటాను. ఇవి నిజమో కాదో మఠం పెద్దయ్యని అడగండి."

సభలో చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం.

"ఎవరమ్మా ఇది? ఎవరయ్యా?" మంత్రి ఆకుని పైకెత్తి చూపించాడు. "ఇంత చిన్న ఆకులో ఒక మనిషి కనిపించాడు నాకు. లేవండి!"

వకుళ లేవలేదు. లేస్తే ముందువైపు సంగతేమిటని అడుగుతారు. కొన్నానని చెప్పాలి. పన్నెండేళ్ళు! ఊరుకుంటే? పేరు లేని ఆకు, ఎవరికీ తెలియదు. చప్పుడు చేయకుండా ఇంటికి పోవచ్చు. ఆమె తల వంచుకుని పైట కొంగు వేలికి చుట్టుకుంది.

ఆ నిశ్శబ్దానికి వాచస్పతికి మెలకువ వచ్చింది. అందరూ ఎవరికోసమో వెతుకుతున్నారని అర్థమైంది. ఉత్తరీయం సర్దుకుని లేచి నిలబడ్డాడు.

"నాదే!"

వకుళ గిరుక్కున అటు తిరిగింది. ఆ వరద, ఆ మఠం, ఆ పదకొండు ఆకులు పట్టుకుని ఏడ్చిన ఏడుపు, అన్నీ ఆయనవైపోయాయా!

మంత్రి ఆయనని ఎగాదిగా చూశాడు. భాండారంలోనుంచి చెమ్మ పట్టిన పాత గ్రంథం ఒకటి తెప్పించి ఆయన చేతికిచ్చాడు.

"అలాగా! అయితే దీన్ని ముందుగా ఏం చేస్తారు?"

"ఓస్, ఇంతేనా? మిట్టమధ్యాహ్నం ఎండలో పరిచి..."

"వద్దు! వద్దు బాబోయ్!"

సభంతా వెనక్కి తిరిగింది. వకుళ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు ముందుకి పరుగెత్తిందో ఆమెకే తెలియదు. వాచస్పతి చేతిలోని గ్రంథాన్ని లాక్కుని గుండెకి హత్తుకుంది.

"ఎండలో పెడితే పెళుసెక్కి అప్పడాల్లా విరిగిపోతాయండీ! నీడన పెట్టాలి. గాలి ఆడాలి. తొందరపడకూడదు..."

"పదకొండు చిరుగుతాయి కాబోలు," అన్నాడు మంత్రి.

వకుళ గ్రంథాన్ని ఇంకా గట్టిగా హత్తుకుంది.

మంత్రి ఆ మూడో ఆకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత అదే పాట ఉన్న మిగతా ఇరవైరెండు పత్రాలూ ఏరి, ఒక్కొక్కటే వాసన చూశాడు. "విచిత్రం! రాసిన మాటలన్నీ డొల్ల. ఆకులు మాత్రం మేలైనవి. అన్నిటికీ ఒకే చేతి పదును, ఒకే నిమ్మగడ్డి వాసన. ఈ పదును ఎవరిదమ్మా?"

"నాదేనండి." భట్టు తీసుకున్న నలభై ఆకులు ఇలా అందరి చేతికీ చేరాయన్నమాట! ఇప్పుడామె చేతులు కూడా అదే వాసన వేస్తున్నాయి. దాచడానికి లేదు.

"అయితే వెనకవైపు రాత ఎవరిదో తెలిసిపోయింది." మంత్రి తాళంచెవి తీసి ఆకు మీద పెట్టాడు. "మరి ముందువైపు ఎవరిది? నీ సొంతమేనా? ఇందాక అవునన్నావు. నేనేం చెప్పానో గుర్తుంది కదా?"

వకుళ తాళంచెవిని చూసింది. అవునంటే అది తనది. పదివేల గ్రంథాలు తనవి. ఒక్క అబద్ధం, అదీ ఇందాక ఆడినదే, మళ్ళీ ఆడితే చాలు. చేతిలో పాత గ్రంథం చల్లగా, చెమ్మగా ఉంది. ఎవరో ఎప్పుడో కళ్ళు కాయలు కాచేలా రాసుకున్న మాటలు. వాళ్ళూ రాసి మసి పూశారు. దాచుకోలేదు.

"ఇందులో నువ్వెక్కడున్నావే?" అన్న నాయనమ్మ గొంతు చెవిలో వినిపించింది.

వకుళ తల ఎత్తింది. కళ్ళనిండా నీళ్ళు. అయినా మాట తడబడలేదు, వెనక వరసదాకా వినబడింది.

"ముందువైపు నాది కాదండీ. కొనుక్కొచ్చాను. అందులో ఒక్క అక్షరం నా సొంతం కాదు. అంత అందంగా నన్నెవరూ పొగడలేదని మురిసిపోయాను. వెనకవైపుదే నేను. చేసిన పని చెప్పుకోడానికి సిగ్గుపడి, నన్ను నేనే దాచేసుకున్నాను. ఇందాక మీ ముందు అబద్ధమాడాను."

"పట్టుబడితే కదా తల్లీ పన్నెండేళ్ళు!" అన్నాడు మంత్రి, మసివేలితో తాళంచెవిని ఆమె వైపు నెట్టి. "నువ్వు నీ అంతట నువ్వే చెప్పుకున్నావు."

కాబట్టి పిల్లలూ, అరువు తెచ్చుకున్న పొగడ్త వెయ్యిమందికి సరిపోతుంది, చేసిన పని మాత్రం చేసినవాళ్ళకే సరిపోతుంది. అది ఎంత చిన్నదైనా మసి పూసి మరీ చూపించండి.