తేనె కడ్డీ దగ్గర ఆగిన వాదం

పూర్వం కృతయుగాంతాన, సకలశాస్త్రపారంగతుడూ, శాస్త్రచర్చ మొదలైతే భోజనం సైతం మరిచేవాడూ అయిన ప్రతీపసేన మహారాజు ధర్మంగా రాజ్యమేలుతుండగా, పన్నెండేళ్ల నోముల ఫలంగా ఆయన పట్టమహిషి మాలినీదేవికి సూర్యోదయవేళ కుమారుడు కలిగాడు. తండ్రి బంగారు కడ్డీతో బిడ్డ నాలుకకు తేనె రాసి జాతకర్మ జరిపిన తరువాతే తల్లి పాలివ్వాలన్నది ఆ వంశాచారం.

రాజు కడ్డీని తేనెలో ముంచి, ఎదుటనున్న ఋషులను చూసి, "మహాత్ములారా! ఈ తీపిని నా కుమారుడు ఇప్పుడు నేర్చుకుంటాడా, ముందే ఎరిగి వచ్చాడా?" అని అడిగాడు. అడగవలసిన సమయమా అది!

"జ్ఞానం జీవుడితోనే పుడుతుంది మహారాజా! దానిని లోపల నిలిపినవాడే ఈశ్వరుడు. కన్నులు మూసుకుంటే చాలు, తెలియవస్తాడు" అన్నాడు తపోధనుడైన వీతిహోత్రుడు.

"కాదు! పుట్టిన మనసు రాయని తాళపత్రం. ఇంద్రియాలు రాస్తేనే దానిమీద అక్షరం. కన్నులు తెరిచి జగత్తును చూసినవాడే దాని కర్తను ఊహించగలడు" అన్నాడు తర్కకేసరి ధూమకేశుడు.

వాదం తేలకముందే తేనె తాకితే, బిడ్డకు తీపి ముందే తెలుసో లేదో తేల్చే పరీక్ష చెడుతుందని రాజు కడ్డీని ఎత్తినచోటే ఆపాడు. మధ్యాహ్నమైంది. ఏడ్చి ఏడ్చి బిడ్డ గొంతు మూగబోయింది.

"ప్రభూ! ఈశ్వరుడు ఎటునుంచి తెలిస్తేనేం? నా బిడ్డ చల్లబడుతున్నాడు! తల్లీ వాగ్దేవీ, నీవైనా వీరి నోళ్లు మూయించు!" అని మాలినీదేవి తెర వెనుకనుంచి ఆక్రోశించింది.

ఆ మొర ఆలకించి, వీణాపాణి అయిన వాగ్దేవి ముసలి మంత్రసాని రూపాన వచ్చి, రాజు చేతిని పట్టి లాగి, బిడ్డ నాలుకకు తేనె తాకించి, తల్లి రొమ్ముకు చేర్చింది. బిడ్డ క్షణకాలం తడుముకుని, అందుకుని, గుటకలు వేయసాగాడు.

"చూశారా, ఎవరు నేర్పారు?" అన్నాడు వీతిహోత్రుడు.

"బయట పాలే లేకుంటే?" అన్నాడు ధూమకేశుడు.

దేవి నిజరూపం ధరించి, "నాయనలారా! ఆకలిని లోపల పెట్టినదీ, దానికి తగిన పాలను బయట పెట్టినదీ ఒక్క చేయే. చెరొక వైపు చూశారు గాని, నడుమ ఏడుస్తున్న బిడ్డను చూడలేదే!" అని మందలించి, "రాజా, వరం కోరుకో" అన్నది.

రాజు కన్నీటితో ఆమె పాదాలపై వాలి, "అమ్మా! ఆకలిగొన్నవారి ఎదుట మా వంశంలో ఎవరికీ వాదం తోచకుండా అనుగ్రహించు" అని వేడుకున్నాడు. తథాస్తు అని దేవి అంతర్ధానమైంది.

అంతఃపురమంతా ఊపిరి పీల్చుకుంది. ఋషులిద్దరూ తలలు వంచి బిడ్డను ఆశీర్వదించారు. కడుపు నిండిన బిడ్డ తల్లి ఒడిలో నిద్రపోతుంటే, రాజు ఏ ప్రశ్నా అడగకుండా చూస్తూ కూర్చున్నాడు.