సర్వే గొడుగు దిగిన చోటు

మూడేళ్లు మట్టి తూచినా మా గురువుగారు నా చేత రిజిస్టరులో సంతకం పెట్టించలేదు. అదీ నా బాధ.

అప్పటికి నేనెంతటివాణ్ననుకున్నారు? వాగు మీద మట్టికట్ట లేస్తున్న రోజులు. రోలరు తొక్కిన పొర మీద మడమతో ఒక్క తాపు తన్ని "తొంభై తొమ్మిది" అనేవాణ్ని. తూస్తే తొంభై తొమ్మిదే. కళ్లకు గంతలు కట్టి దోసిట్లో మట్టి పోస్తే, పొద్దున తవ్విందో మధ్యాహ్నం తవ్విందో వాసనతో చెప్పేవాణ్ని. నన్ను చూడ్డానికి మూడు జిల్లాల ఇంజనీర్లు జీపుల్లో వచ్చేవాళ్లు. పోనీ, ఒక జీపు వచ్చింది.

మా గురువు దావూద్ సాయెబు గారు. ల్యాబులో చిన్న ఉద్యోగమే. బక్కపలచని మనిషి, భుజాన తువాలు, మాట తక్కువ. ఆయన సంతకం పడందే ఒక పొర మీద ఇంకో పొర మట్టి పడేది కాదు. ఎంతటి ఆఫీసరైనా ఆ సంతకం కోసం ఎండలో నిలబడాల్సిందే.

పని ఇది. జానెడు మందాన మట్టి పోస్తారు. నీళ్లు చల్లి రోలరుతో తొక్కిస్తారు. అప్పుడు మేం ఒక ఇనప గొట్టం అందులోకి దిగ్గొట్టి, మట్టితో సహా పెళ్లగించి తూస్తాం. పిడికెడు మట్టి పెనంలో వేయించి తేమ చూస్తాం. లెక్క కడితే మట్టి బిగువు తొంభై ఎనిమిది శాతం రావాలి. వస్తే పొర పాసు. పొరకి ఆరు చోట్ల తియ్యాలి. ఏ ఆరు చోట్లన్నది తీసేవాడి ఇష్టం.

ఆ రోజు ఆరూ పాసయ్యాయి. పై పొర మట్టితో టిప్పర్లు బారులు తీరి ఉన్నాయి. నేను రిజిస్టరు పట్టుకొని ఆయన ముందు నిలబడ్డాను.

"గురువుగారూ, ఇవాళ్టితో వరసగా నూట ఇరవై గొట్టాలు. ఒక్కటీ తప్పలేదు. ఆ సంతకమేదో నన్నే పెట్టనివ్వండి."

రోలరు డ్రైవరు చెంగయ్య పక్కనే బీడీ కాలుస్తున్నాడు. "పెట్టనీయండి సాయెబూ," అన్నాడు. "ఈయన మడమతో తన్నుకుంటూ పోతే చాలు, నా రోలరుతో పనే లేదు. నేను ఇంటికిపోయి పడుకుంటా." అతని ఇల్లు కట్ట కిందే. పైనించి కేకేస్తే పెళ్లాం పలుకుతుంది.

సాయెబు గారు నవ్వలేదు, కాదనలేదు. "పద, చూద్దాం. ఆ గొడుగు తీసుకురా పెంచలయ్యా, ఎండగా ఉంది."

గొడుగంటే మామూలుది కాదు. సర్వేవాళ్లు తమ యంత్రానికి నీడ పట్టేది. విప్పితే బండిచక్రం అంత. ఇద్దరు మనుషులు మోసేదాన్ని నేను చిటికెనవేలికి తగిలించుకొని తెచ్చాను. కాడ చివర ఇనప ములికి ఉంటుంది. నేలలో గుచ్చి నిలబెడతారు.

కట్ట నడిమధ్యకి వచ్చాక ఆయన, "ఎక్కడైనా పాతు. కూర్చుని చూస్తా," అన్నారు.

రెండు చేతులా ఎత్తి ఒక్క పోటు పొడిచాను. ఆ అదురుకి టిప్పర్ల అద్దాలు గలగలమన్నాయి. ములికి మాత్రం అంగుళం దిగలేదు.

"చూశారా గురువుగారూ! ఇనప ములికే దిగట్లేదు. నా పొర అంటే రాయి!"

"శభాష్," అన్నారాయన. "ఎండ మాత్రం అట్లాగే ఉందబ్బయా."

పది అడుగులు జరిగి పొడిచాను. దిగలేదు. ఇంకో ఇరవై అడుగులు. దిగలేదు.

"ఏమబ్బయా, గొడుగుని ఊరేగిస్తున్నావా?" అన్నాడు చెంగయ్య. "మేళం పిలిపించమంటావా?"

చెమటలు కారుతుండగా తూము దగ్గరికి చేరాను. అక్కడ కాంక్రీటు గోడ కట్టలోంచి పైకి లేచి ఉంది. దాని పక్కన ములికి ఆన్చాను. పొడవనైనా లేదు. ముద్దపప్పులో గరిటె దిగినట్టు దిగింది. గొడుగు నిటారుగా నిలబడింది.

"దిగింది గురువుగారూ! రండి, కూర్చోండి!" వాగు అవతలి గొర్రెలు తలెత్తి చూసేంత గట్టిగా అరిచాను.

అరిచాక, ఏం అరిచానో నాకు వినపడింది.

సాయెబు గారు నెమ్మదిగా నడిచి వచ్చారు. తువాలు పరుచుకుని కూర్చున్నారు. "నీడ బాగుంది," అన్నారు. ఇనప గొట్టాన్ని నా కాళ్ల దగ్గరికి దొర్లించారు.

గోడ పక్కకి రోలరు రాదు. అక్కడ మనుషులే దిమ్మిసలు పట్టుకొని మట్టిని కొట్టి కుదించాలి. ఎండకి తాళలేక నాలుగు దెబ్బలేసి పోయి ఉంటారు. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. గోడ లేచాక మూడు పొరలకీ కలిపి పద్దెనిమిది గొట్టాలు తీశాను. పద్దెనిమిదీ రోలరు నడిచిన దారిలోనే తీశాను.

గొట్టం దిగ్గొట్టాను. తూచాను. పెనంలో మట్టి వేయించాను. ఈ జన్మలో చాలా అంకెలు పెంచి చెప్పాను గానీ ఇదొక్కటీ పెంచలేదు. ఎనభై నాలుగు.

చెంగయ్య బీడీ పారేశాడు. కట్ట కిందికి చూశాడు. వాళ్ల మిద్దె మీద మిరపకాయలు ఎండుతున్నాయి.

సాయెబు గారు మజ్జిగ చెంబు మూత తీసి కొద్దికొద్దిగా తాగుతున్నారు. టిప్పర్లవాళ్లు హారన్లు కొడుతున్నారు. ఈ ఒక్క పొర ఆపితే చాలు, ఇంకెవరూ ఇంకేమీ అడగరు.

"గురువుగారూ," అన్నాను. "దీని కింద రెండు పొరలున్నాయి. వాటిల్లోనూ నేను ఈ గోడ దగ్గర తియ్యలేదు."

"అయితే?"

"తవ్వించాలి."

ఇందాక వాగు దాటిన గొంతు, ఈసారి గొడుగు కూడా దాటలేదు.

ఆయన రిజిస్టరు ఒళ్లో పెట్టుకొని తెరిచారు. కిందటి రెండు పొరల ఎదురుగా తన సంతకాలు ఉన్నాయి. రెంటినీ అడ్డంగా కొట్టేశారు. ఆయన చేతి కొట్టివేత నేనెన్నడూ చూడలేదు.

తర్వాత కలం నాకిచ్చారు.

"ఇవాళ్టిది నువ్వు రాయి."

ఎనభై నాలుగు అని రాశాను. పక్కన ఫెయిలు అని రాశాను. కింద సంతకం పెట్టాను. ఇంతింత అక్షరాలతో పెట్టాలని మూడేళ్లు ఇసకలో రాసి నేర్చుకున్న సంతకం, చీమంత వచ్చింది.

సాయెబు గారు లేచి తువాలు దులిపి భుజాన వేసుకున్నారు.

"రేపట్నుంచి నువ్వే పెట్టు," అన్నారు. "గొడుగు మర్చిపోకు."