నక్క దిబ్బ మీద ఏడాది పాసు

చలి మొదలైతే చాలు, ఆ ఉప్పు సరస్సు మీద వలసపక్షులు దిగేవి. మంచుకొండలు దాటి వచ్చే బాతుల గుంపుకు చారలక్క పెద్ద. మేఘాలను కింద వేసుకుని ఎగిరిన నాకు ఇక చూడాల్సిన వింతేముందిలే అనుకునేది. ఆ ఏడు జిత్తయ్య అనే నక్క ఉండే దిబ్బ చూశాక తెరిచిన నోరు మూయడం మరిచిపోయింది.

అదొక పాడుబడ్డ రొయ్యల చెరువు గట్టు. తుప్పుపట్టిన చక్రం సముద్రం నుంచి వచ్చే పోటునీటికి దానంతటదే తిరుగుతోంది. ఆ చక్రం రెక్క మీద కూర్చుంటే పైకి లేపి అవతలి నీళ్లలో వదులుతోంది. పక్కనే పగిలిన గొట్టం చిమ్మే నీళ్లకు బంకమట్టి నున్నటి జారుడుబల్లయింది. ఆ తుంపరలో పొద్దున్నే ఇంద్రధనుస్సు! దాని కిందుగా జారిన చారలక్క "అమ్మో, అమ్మో!" అంటూ మళ్లీ గట్టెక్కడానికి పరుగెత్తింది.

జిత్తయ్య వంగి దండం పెట్టాడు. "రోజు టిక్కెట్టుకు గుప్పెడు నూగు ఈకలు చాలక్కా, నా పరుపులోకి. అయినా చలికాలమంతా ఉండే చుట్టాలు, రోజూ ఏం ఇచ్చుకుంటారు? ఏడాది పాసు తీసుకోండి. ఒక్కసారి ఇస్తే మళ్లీ అడగను."

"దానికేమివ్వాలి తమ్ముడూ?"

"రెక్క చివరి పెద్ద ఈకలు. అంతే!"

"తీసుకో అక్కా, తీసుకో!" అని గుంపంతా గోల. ఇన్నాళ్లు ఉంటాం కదా, లాభమే అనిపించింది చారలక్కకూ. అయినా బురదలో పడుకున్న గేదె గంగమ్మను ఓ మాట అడిగింది.

గంగమ్మ నెమరు ఆపలేదు. "ఏడాదిలో నువ్వుండేది చలికాలమే కదుటే?"

"అవును పెద్దమ్మా."

"మిగతా కాలం నీ బదులు ఎవరు జారతారు, నేనా? ఆశ లావు, పీక సన్నం అన్నారు. పీక నీదే తల్లీ, చూసుకో."

చారలక్క రెక్క విప్పి చూసుకుంది. కొండల మీద గాలి పలచబడే చోట తనను మోసేవి ఆ చివరి ఈకలే. తిరిగి వెళ్లి నక్కను పలకరించింది.

"తమ్ముడూ, ఎండాకాలం మా ఊళ్లో ఈ ఈకలు వాటంతటవే రాలతాయి. మోపు కట్టి వచ్చే ఏడు తెస్తాను. పాసు ఇప్పుడివ్వు."

"రాలినవి నాకెందుకక్కా?"

"పోనీ, తోకవి ఇప్పుడే ఇస్తాను."

"తోకవి వద్దు, రెక్కవే కావాలి!" జిత్తయ్య గొంతు పెరిగింది. మూతి పక్కన చొంగ జారింది.

ఆ చొంగ చూశాక చారలక్కకు అంతా అర్థమైంది. ఎగరలేని బాతు ఏడాదంతా ఇక్కడే ఉంటుంది, వీడికి ఆకలేసేదాకా.

"అంత పెద్ద బేరం మాకెందుకు నాయనా? రోజు టిక్కెట్టే చాలు," అంది చల్లగా.

ముక్కుతో దువ్వుకుంటే రోజూ ఎలాగూ ఊడే నూగే కదా! ఒక బాతు కాపలా కాస్తుంటే మిగతావి చలికాలమంతా జారాయి, చక్రమెక్కాయి, ఇంద్రధనుస్సు కింద కేరింతలు కొట్టాయి. జిత్తయ్యకు పరుపు పెరిగింది గానీ కడుపు నిండలేదు.

గాలి వెచ్చబడిన పొద్దున గుంపు ఒక్కసారిగా లేచింది. ఆ రెక్కల విసురుకు జిత్తయ్య పరుపంతా ఎగిరిపోయింది. పట్టుకోబోయి తల ఎత్తినవాడు అలాగే నిలబడిపోయాడు. తెల్లటి నూగు మధ్య నుంచి బాతుల బారు ఉత్తరానికి సాగుతోంది, పైకి, ఇంకా పైకి, చూపు ఆనని ఎత్తుకు. వాడికి ఆకలే గుర్తు రాలేదు.

"ఇంత వింత నా దిబ్బ మీద లేదే!" అన్నాడు నోరు తెరిచి.

"ఆ వింతనే కదురా పీకి పరుపులో కుక్కుదామనుకున్నావు," అంది గంగమ్మ.

నీతి: నాలుగు నాళ్ల ముచ్చట కోసం ఇంటికి చేర్చే రెక్కను ఇచ్చుకోకూడదు.