కనకలింగం విస్తరి

కుందవరం రాజ్యంలో వైద్యశాల కప్పు కూలిపోయింది. బాలింతలు వానకు తడుస్తున్నా, బాగు చేయించడానికి ఖజానాలో సొమ్ము లేదన్నారు. పట్టు వ్యాపారి కనకలింగం కట్టుకున్న కొత్త మగ్గాల శాలకు మాత్రం ఆ ఖజానాయే సొమ్మిచ్చింది.

శాల ప్రారంభం నాటి విందులో వడ్డన వంటమనిషి సూరాంబది. ఆమె కోడలు ఆ వైద్యశాలలోనే బిడ్డను కని, జ్వరంతో పడి ఉంది.

సూరాంబ గంగాళంలోని పులిహోరంతా కనకలింగం విస్తట్లోనే కుమ్మరించింది. పక్కనే రాజుగారి విస్తరి ఖాళీగా ఉంది.

"ఏమమ్మా, నాకు పెట్టవా?" అన్నాడు రాజు.

"కాస్త ఆగండి మహారాజా. ఆయన కడుపు నిండాక మిగిలింది మీకే వస్తుంది."

"ఆయన మిగిల్చేదాకా నేను ఆకలితో కూర్చోవాలా?"

"కప్పు వేయించమని మొరపెట్టుకుంటే మంత్రిగారు మాకూ ఇలాగే చెప్పారు ప్రభూ. ముందు కనకలింగంగారు బాగుపడితే, ఆ బాగు మాదాకా వస్తుందట. అందాకా తడుస్తూ కూర్చున్నాం."

మంత్రి తల దించుకున్నాడు. రాజు మెతుకు ముట్టకుండా లేచి వైద్యశాలకు నడిచాడు. తడి చాప మీద ఉన్న పసిబిడ్డను వంగి చేతుల్లోకి ఎత్తుకున్నాడు.

వ్యాపారికిచ్చిన సొమ్ము వెనక్కి రప్పించి కప్పు పని మొదలుపెట్టించాడు. అది పూర్తయ్యేదాకా బాలింతలందరినీ తన అంతఃపురంలో ఉంచాడు. ఆ సాయంత్రం సూరాంబ మనవడు మొదటిసారి పొడి గుడ్డల్లో నిద్రపోయాడు.